పక్కింటి గోడకు నేనిచ్చిన తీర్పు

పరువు పోగొట్టుకోవడానికి మనుషులు రకరకాల దారులు వెతుక్కుంటారు. కొందరు తాగుతారు, కొందరు ఎన్నికల్లో నిలబడతారు. నేను మోషే ధర్మశాస్త్రం చదివాను. పూర్తిగా చదివి ఉంటే ఏ ప్రమాదమూ జరిగేది కాదు. సగం చదివాను. ఫలితంగా గోదావరిఖనిలో ఒక వీధి వీధంతా చూస్తుండగా, మండుటెండలో, వానచుక్క లేని రోజున నా వంశ గౌరవం నీళ్ళలో మునిగిపోయింది. ఆనాటి సాక్షులు ఇప్పటికీ నేను ఎదురైతే తల పక్కకు తిప్పుకుంటారు. గౌరవంతో అనుకునేరు. నవ్వు ఆపుకోవడానికి.

ముందు ఆ వంశం ఏమిటో చెప్పాలి. మాది కమాన్‌పూర్ వైపు గడీ ఉన్న దొరల కుటుంబం. మా తాత అరుగు మీద కూర్చుని ఒకసారి దగ్గితే ఊళ్ళో సగం తగువులు తీరిపోయేవని మా నాన్న చెప్పేవారు. రెండోసారి దగ్గితే మిగతా సగం. ఆ గడీ ఉన్నచోట ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గని ఉంది. డంపర్లు మా పూజగదిలో తిరుగుతున్నాయో, వంటింట్లో తిరుగుతున్నాయో నేను చెప్పలేను. అక్కడ గదులే కాదు, నేల కూడా లేదు. భూమికి బదులుగా వచ్చిందేదో దాయాదుల వ్యాజ్యాలు తినేశాయి. చివరికి నా వంతుకు దక్కినవి ఇంటిపేరు, నిటారు వెన్ను, ఒక గంగాళం.

ప్లాస్టిక్ డ్రమ్ముల కాలంలో పుట్టినవాళ్ళ కోసం చెబుతున్నాను, గంగాళం అంటే నీళ్ళు నిలవచేసే ఇత్తడి పాత్ర. మాదాన్ని పాత్ర అనడం దాన్ని చిన్నబుచ్చడమే. అందులో మనిషి కూర్చుంటే తల మాత్రమే పైకి కనబడుతుంది. ఆ తల నాది.

నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతూ, గోదావరిఖనిలో వరుస ఇళ్ళలో ఒకదాంట్లో కిరాయికి ఉండేవాణ్ణి. ఆ వరుసలో ప్రతి రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. వీధి మొదట్లో నల్లా. పొద్దున నీళ్ళు రాగానే బిందెలు, బకెట్లు, మనుషులు, మాటలు అన్నీ అక్కడ వరుస కట్టేవి. నేను ఆ వరుసలో ఏనాడూ నిలబడలేదు. మా వంశంలో నీళ్ళు మన దగ్గరికి రావాలి గానీ మనం నీళ్ళ దగ్గరికి పోకూడదు. అందుకని వెనక సందులోని పైపుకు ఒక రబ్బరు గొట్టం తగిలించి, కిటికీలోంచి వెనక అర్రలోకి లాగి, గంగాళం నింపుకునేవాణ్ణి. ఆ అర్రకు తాళం. తాళంచెవి నా మొలతాడుకు.

తాళం ఉందంటే జనం ఊరుకుంటారా? ఎదురింటి లచ్చవ్వ ఒకసారి అడిగింది.

"దొరా, ఆ అర్రల ఏమున్నదే?"

"గడీ సామాను" అన్నాను. అబద్ధం కాదు. గంగాళం గడీ సామానే.

"వెండా?"

చిన్నగా దగ్గాను. మా తాత దగ్గుకు తగువులు తీరేవి, నా దగ్గుకు పుకార్లు పుట్టాయి. వెండి పల్లకీ ఉందన్నారు, నెమలి ఈకల విసనకర్రలు ఉన్నాయన్నారు, కత్తి ఉందని, దాన్ని నేను వారానికోసారి తుడుస్తానని కూడా అన్నారు. నేను దేన్నీ ఖండించలేదు. చేతిలో ఏమీ లేని మనిషికి మూసిన తలుపు ఎంత ఆస్తో మీకు తెలియదు.

ఒక్క బాధ ఉండేది. ఆ వేసవిలో గంగాళం ఎంత నింపినా మర్నాటికి సగమయ్యేది. రామగుండం ఎండలకు ఇత్తడిలో నీళ్ళు కూడా నిలవలేకపోతున్నాయని, ఆవిరైపోతున్నాయని నిర్ధారించుకుని రోజుకు రెండుసార్లు నింపడం మొదలుపెట్టాను. ఈ శాస్త్రీయ నిర్ధారణను దయచేసి గుర్తుంచుకోండి.

మా గోడకు అవతల ఏలియా, మరియమ్మ ఉండేవారు. ఏలియా బొగ్గుబాయిలో టబ్బులు లాగే హాలర్ యంత్రం నడిపేవాడు. మా ఊరివాడే. వాళ్ళ తాత మా గడీకి కావడితో నీళ్ళు మోసేవాడని నాకు తెలుసు. ఆ విషయం అతనికి తెలుసని కూడా నాకు తెలుసు. మేమిద్దరం ఎండల గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఒకరోజు మరియమ్మ మా గుమ్మం ముందు నిలబడింది. చేతిలో నల్లట్ట వేసిన పాత నిబంధన, ఒక పేజీలో బొటనవేలు.

"దొరా, జర మీరు పెద్ద సదువు సదివిండ్రు. గీ పాత తెలుగు నాకు సమజైతలేదు. సదివి చెప్పుండ్రి."

"ఏమిటి విషయం?" అన్నాను. మా వంశంలో "ఏంది" అనరు. లోపల అనుకుంటారు.

విషయం ఇది. ఏలియా ఆ నెలాఖరున రిటైరవుతున్నాడు. ఆదివారం నాడు ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకున్నారు. ఆ ఏర్పాట్లు చూడడానికి ఏలియా వాళ్ళ అన్న యోహాను మందమర్రి నుంచి వచ్చాడు. ఆయన వాళ్ళ చర్చి సంఘంలో పెద్ద. వచ్చి, మా ఇద్దరి మధ్య గోడకు వాళ్ళ వైపున ఉన్న మచ్చను చూశాడు. పచ్చగా, అక్కడక్కడ ఎర్రగా, చారలు చారలుగా ఉందట.

"వానల్లేవు, చినుకు లేదు, గోడకు చెమ్మ యాడికెల్లి వస్తదన్నడు బావ. గిది మోషే ధర్మశాస్త్రంల రాసిన పొడనట. ఇంటికి పట్టే కుష్ఠునట. గీ సంగతి తేలేదాక నేను గడప తొక్క అని పోయిండు దొరా." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇన్నేండ్లు బాయిలకు దిగి మనిషి సల్లంగ పైకొచ్చిండు. నా ఇంట్ల నిలబడి దేవునికి నాలుగు మాటలు చెప్పుకుందామంటె, ఇంటి పెద్దనే రాకపాయె. ఆదివారం గడప అవతల నిలబడి ప్రార్థన చేస్తడా?"

ఇక్కడ ఒక మంచి మనిషి ఏం చేస్తాడు? గోడ చూసి, "సున్నం వేయించమ్మా" అంటాడు. నేను మంచి మనిషిని కాను, వారసుణ్ణి. తరతరాలుగా తీర్పులు చెప్పిన రక్తం నాలో ఒక్కసారిగా లేచి నిలబడింది. గడీ పోయాక నన్ను తీర్పు అడిగిన మొదటి మనిషి మరియమ్మ.

"ఇలా ఇవ్వు" అన్నాను.

ఆ అధ్యాయం తెలుగు నాకు కొట్టిన పిండి. ఇంట్లో పొడలాంటిది కనబడుతోందని యజమాని వెళ్ళి యాజకుడికి చెప్పాలి. ఆ తర్వాత సామాను గురించి ఏదో ఉంది. సామాను సంగతి పనివాళ్ళు చూసుకుంటారులే అని ఆ వాక్యం దాటేశాను. మా వంశంలో సామాను సంగతి ఎప్పుడూ పనివాళ్ళే చూసుకున్నారు. తర్వాత యాజకుడు వచ్చి గోడ చూస్తాడు. చారలు పచ్చగానో ఎర్రగానో ఉండి, గోడ కంటే లోతుగా దిగితే అది పొడ. అక్కడితో పుస్తకం మూసేశాను. కింద ఇంకా చాలా ఉంది. కానీ న్యాయమూర్తికి కావలసింది నేరం గుర్తుపట్టడం. మిగతాదంతా గుమాస్తా పని.

"శనివారం పొద్దున వచ్చి చూస్తాను" అన్నాను.

"మీరు యాజకులు కారు గదా దొరా?"

"తీర్పు చెప్పడం ఏ మతానికైనా ఒకటే మరియమ్మా."

ఈ వాక్యాన్ని రాయి మీద చెక్కించి నా మెడకు కట్టాల్సింది.

శనివారం ఉదయం గంజిపెట్టిన తెల్ల లాల్చీ, తెల్ల పంచె వేసుకుని పక్కింటికి వెళ్ళాను. నాకు అలాంటి జతలు రెండే. ఒకటి ఒంటి మీద, రెండోది చాకలి దగ్గర. వీధి మాత్రం నాకు బీరువా నిండా ఉన్నాయనుకునేది. ఏలియా కుర్చీ తుడిచి వేశాడు. మరియమ్మ సర్వపిండి, చాయ్ తెచ్చింది. సర్వపిండి బాగుంది. రెండోది కూడా తిన్నాను. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, మచ్చను చాలాసేపు చూశాను. బడిలోంచి తెచ్చిన స్కేలు ఆనించాను. వేలితో నొక్కాను. వేలు దిగింది.

"పచ్చ" అన్నాను.

"పచ్చనే దొరా" అంది మరియమ్మ.

"ఎరుపు."

"ఇటుక కనపడ్తున్నది దొరా" అన్నాడు ఏలియా.

"లోతు ఉంది."

"మీ వేలు జర గట్టిగ నొక్కిండ్రు."

"ఏలియా, తీర్పు మధ్యలో మాట్లాడకు."

"గట్లనే దొరా. ఒక్కటే అడుగుత. గీ నియమం కనాను దేశంల ఇండ్లకు గదా, గోదావరిఖని కిరాయిండ్లకు కూడనా?"

నేను ఆ అజ్ఞానాన్ని క్షమించి, గది మధ్యకు వచ్చి, వెన్ను నిటారుగా పెట్టి, ఒకసారి దగ్గి ప్రకటించాను.

"ఈ ఇల్లు అపవిత్రం."

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయి ఒక చాయ్ చల్లారేంతసేపు కూడా నిలవలేదు. ఏలియా పుస్తకం తెరిచి, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాడు.

"దొరా, నడుమ గీ మాట మీరు సదివిండ్రా?"

"ఏ మాట?"

"యాజకుడు లోపలికి రాకముందే ఇల్లు ఖాళీ చెయ్యాలెనట. ఎందుకంటె, ఆయన అపవిత్రమని చెప్పినంక ఇంట్ల ఉన్నయన్ని అపవిత్రమైతయి. గందుకని ముందుగాల్నే సామానంత బయట పెట్టుకోమని దేవుడు చెప్పిండు."

నేను చుట్టూ చూశాను. బియ్యం బస్తా. మంచం. టీవీ. కుక్కర్. మామిడికాయ తొక్కు జాడీలు. మేకుకు వేలాడుతున్న ఏలియా కొత్త చొక్కా, రేపటి ప్రార్థన కోసం కుట్టించింది.

"అన్నీ లోపలనే ఉన్నయి గదా దొరా" అంది మరియమ్మ సన్నగా.

ధర్మశాస్త్రం అంటే ఏమిటో నాకు ఆ క్షణంలో మొదటిసారి అర్థమైంది. నేనది శిక్ష అనుకున్నాను. అది పేదవాడి సామాను కాపాడే ఏర్పాటు. గోడకు ఏమైనా కానీ, ముందు వాడి బియ్యం బస్తా బయటపడాలి అంటోంది. నేను దాటేసిన వాక్యంలోనే దయ అంతా ఉంది. మిగిలిన సున్నం, ఇటుక నేను చదివాను.

"అయితే ఒక పని చేద్దాం" అన్నాను. "తీర్పును కాసేపు... పక్కన పెడదాం."

"వాపసు తీసుకుంటరా?" ఏలియా ముఖంలో ఏ భావమూ లేదు.

"వాపసు అనకు. మా వంశంలో తీర్పు వాపసు తీసుకోవడం లేదు."

"నాకెర్కే దొరా. మా తాత మేక మీ చేన్ల పడ్డదని, గడీకి నీళ్ళు మొయ్యమని మీ తాత తీర్పిచ్చిండు. మేక ఒక్కపూట మేసింది. మా తాత బతుకంత మోసిండు. వాపసు తీసుకుంటడేమోనని సచ్చేదాక సూసిండు."

ఆ తీర్పు నాది కాదు. కానీ ఇప్పుడే అదే దగ్గు దగ్గింది నేనే. ఆ సమయంలో క్షమాపణ చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడ ముగిసేది. నా వెన్ను వంగలేదు.

"సామాను బయట పెట్టండి" అన్నాను గంభీరంగా. "ఆలస్యమైనా నియమం నియమమే."

పెట్టారు. మంచం, జాడీలు, టీవీ, అన్నీ వీధిలోకి వచ్చాయి. లచ్చవ్వ పరిగెత్తుకొచ్చింది.

"ఏమాయెనే మరియా? ఇల్లు ఖాళీ చేస్తున్నరా?"

"దొర తీర్పిచ్చిండు" అన్నాడు ఏలియా, కుక్కర్ మోస్తూ. వీధి ఒక్కసారి నావైపు చూసింది. అంతలో అతను మళ్ళీ పుస్తకం తెరిచాడు. ఆ మనిషికి చదువు మీద అంత శ్రద్ధ ఆ రోజే ఎందుకు పుట్టిందో!

"దొరా, ఇంకోటి. గసొంటి ఇంట్ల కూసొని తిన్నోడు బట్టలు ఉతుక్కోవాలెనట."

"నేను కొంచెమే తిన్నాను."

"రెండు సర్వపిండ్లు తిన్నరు దొరా" అంది మరియమ్మ. ఆమెకు నామీద కోపం రావడం న్యాయమే.

తీర్పు ఇచ్చినవాడే నియమం తప్పితే ఎలా? ఇంట్లోకి వెళ్ళి లాల్చీ, పంచె తీసి తడిపి దండెం మీద వేశాను. చుట్టుకోవడానికి ఒక తువ్వాలు మాత్రమే మిగిలింది. పైన బనియను, అందులో గాలి ధారాళంగా వచ్చే ఏర్పాట్లు ఉన్నాయి. ఆరేదాకా బయటికి రాకూడదని నిశ్చయించుకున్నాను. సరిగ్గా అప్పుడే మందమర్రి బస్సు దిగి యోహాను వచ్చాడు.

కిటికీలోంచి చూశాను. ఆయన రిటైరైన ఫిట్టరు, తెల్లచొక్కా, చేతిలో గొడుగు. జీవితంలో మొదటిసారి నా వెన్ను కంటే నిటారుగా ఉన్న వెన్నును చూశాను. వీధిలో ఉన్న మంచాన్ని, టీవీని, జాడీలను చూసి నిలబడిపోయాడు.

"ఎవలు చెప్పిండ్రు ఖాళీ చెయ్యమని?"

"పక్కింటి దొర, బావా. లోపల సామానుండంగనే అపవిత్రమని చెప్పిండు."

"పిలువుండ్రి ఆయన్ని."

పిలిచారు. తువ్వాలుతో గడప దాకా వచ్చి, తలుపు చాటున నిలబడ్డాను.

"మీరు యాజకులు పుట్టే లేవీ గోత్రమోళ్ళా?" అన్నాడు యోహాను.

"మాది గడీ వంశం."

"మోషే ధర్మశాస్త్రంల గడీలు లేవు." గొడుగు నేలకు ఆనించాడు. "యాజకుడు నోరు తెరిచేదాక ఏ ఇల్లూ అపవిత్రం కాదు. మచ్చ ఎంతున్నా సరే. గందుకనే ఆయన జల్ది నోరు తెరువడు. సామాను తీపిస్తడు, సూస్తడు, వారం తలుపు మూస్తడు, మళ్ళొచ్చి సూస్తడు. మీరు చాయ్ తాగుకుంట చెప్పేసిండ్రు."

"మరి మీరు మొన్న సూసినప్పుడు కూడ సామాను లోపలనే ఉండె గదా బావా" అంది మరియమ్మ.

"నేను సూసిన. తీర్పు చెప్పలే."

"గడప తొక్క అన్నరు గదా."

"గది తీర్పు కాదు, అలుగుడు."

ఇద్దరు నిటారు మనుషుల మధ్య ఇరుక్కున్న మరియమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని తన మంచం మీదే, వీధిలో, కూర్చుంది. "రేపు ప్రార్థన నా తొక్కు జాడీలతోని చేసుకుంట" అంది.

ఆ మాట యోహానుకు తగిలినట్టుంది. గొంతు తగ్గించాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఈ దొర యాజకుడు కాదు గనక ఆ తీర్పు చెల్లది. మళ్ళ మొదటికెల్లి సక్కగ చేద్దాం. సామాను ఎట్లనో బయటికొచ్చింది. ఇప్పుడు గోడ సూద్దాం." లోపలికి వెళ్ళి చూసి వచ్చాడు. "గోడ ఒక్కటే. ఇటు దిక్కు ఇంత పొడ ఉంటె, అటు దిక్కు ఎట్లున్నదో? అటుకెల్లి కూడ సూడాలె."

అటు అంటే మా వెనక అర్ర.

"అవసరం లేదు" అన్నాను. "మావైపు గోడ నిక్షేపంగా ఉంది."

"అయితే సూస్తె ఏమైతది?"

"అర్రకు తాళం ఉంది."

"దొరా," అన్నాడు యోహాను ఎంతో మర్యాదగా, "మీ మంచికే చెప్తున్న. ఖాళీ చెయ్యకుంట సూస్తె మీ గడీ సామానంత ఖరాబైతది. మీ వెండి, మీ కత్తి. ముందుగాల బయట పెడదాం. మోస్తందుకు మనుషులున్నరు."

ఉన్నారు. ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నవాళ్ళంతా ఉన్నారు. లచ్చవ్వ కొంగు నడుముకు దోపింది. వీధి మొత్తం మా గుమ్మం నుంచి బయటిదాకా వరుస కట్టింది, పల్లకీని చేతులు మార్చుకుంటూ దించడానికి. అంతమంది నా సామాను మీద అంత గౌరవంతో నిలబడితే, లోపల ఏమీ లేదని ఏ నోటితో చెప్పను? ఆ పక్క మరియమ్మ తన మంచం మీద కూర్చుని నన్నే చూస్తోంది. ఆమె ఇల్లు వీధిలో ఉంది. నా మాట వల్లే ఉంది.

తువ్వాలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మొలతాడు నుంచి తాళంచెవి తీశాను. తలుపు తెరిచాను.

మొదట బయటికి వచ్చింది మూడు కాళ్ళ కుర్చీ. వరుసలో చేతులు మారుతూ భక్తిగా వీధిలోకి వెళ్ళింది. తర్వాత అద్దం లేని మా తాత ఫోటో. తర్వాత సబ్బుపెట్టె. తర్వాత ఏమీ రాలేదు.

"పల్లకీ యాడుంది?" అని వరుస చివరి నుంచి ఎవరో అరిచారు.

"గిదొక్కటే ఉన్నది" అంది లోపల నుంచి లచ్చవ్వ. ఆమె గొంతులోని నిరాశ నాకు ఇప్పటికీ వినబడుతుంది. "గంగాళం. నీళ్ళున్నయి. కిటికీలకెల్లి నల్లా గొట్టం గూడ ఉన్నది."

అందరూ లోపలికి వచ్చారు. గంగాళం గోడకు ఆనుకుని ఉంది. దాని అడుగున ఒక పగులు. పగులు నుంచి నీళ్ళు సన్నగా, తీరిగ్గా, ఏ తొందరా లేకుండా గోడలోకి వెళ్తున్నాయి. గోడ మావైపు కూడా అంతే పచ్చగా, అంతే ఎర్రగా ఉంది. నేను రోజూ అందులో వీపు గోడవైపు పెట్టి కూర్చునేవాణ్ణి గనక ఏనాడూ చూడలేదు.

రామగుండం ఎండలకు ఆవిరైన నీళ్ళన్నీ మరియమ్మ ఇంట్లో తేలాయి.

మరియమ్మ వచ్చి గోడను చేత్తో తడిమింది. వేళ్ళు వాసన చూసింది. నా సబ్బు వాసన.

"బావా, గిది పొడ గాదు," అంది నెమ్మదిగా. "దొర తానం చేసిన నీళ్ళు."

ఎవరూ నవ్వలేదు. అది ఇంకా ఘోరం. అందరూ ఏలియా వైపు చూశారు. ఏలియా గంగాళం అంచు మీద చెయ్యి వేసి, దాన్ని చాలాసేపు చూశాడు.

"గిదేనా అది?" అన్నాడు.

"అదే" అన్నాను.

"మా తాత నింపిందా?"

"అవును."

"మంచిగున్నది" అన్నాడు. "మీ తాత తీర్పు వాపసు తీసుకోలే. మీరు మాత్రం మా నీళ్ళు వాపసు ఇచ్చిండ్రు దొరా. మిత్తితోని."

అప్పుడు పగిలింది నవ్వు. ముందు లచ్చవ్వ, తర్వాత వీధి, చివరికి గొడుగు మీద ఆనుకుని యోహాను. నేను కూడా నవ్వుదామనుకున్నాను గానీ తువ్వాలు జారుతుందని భయమేసింది.

కళ్ళు తుడుచుకుంటూ యోహాను ఒక సంగతి చెప్పాడు. ఉన్న బోళ్ళు లేవని చెప్పి పొరుగువాళ్ళకు అరువివ్వని పిసినారి ఇంటికి ఈ పొడ వస్తుందని వెనకటి యూదు పండితులు చెప్పేవారట. ఇల్లు ఖాళీ చేసి సామాను వీధిలో పెట్టగానే, వాడి దగ్గర ఎంత ఉందో ఊరంతా చూస్తుందట.

"మరి లేనివి ఉన్నాయని చెప్పేవాడి గురించి ఏం చెప్పారు?" అని అడిగాను.

"గసొంటోడు వాళ్ళ దేశంల పుట్టలేదేమో దొరా."

మరియమ్మ చేతులు నడుముకు పెట్టుకుంది. "మరి రేపటి సంగతేంది? గోడ ఎవలు చేస్తరు?"

వాళ్ళింట్లో ప్రార్థన ఆగకూడదు. ఆ మాట నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. తడి లాల్చీ తొడుక్కుని బయటికి వచ్చాను. ఏలియా రెండువైపులా గోడ గీకాడు. గీకిన మట్టిని ఊరి బయట పారబోయాలని ఆ అధ్యాయంలోనే ఉంది. ఈసారి ఆ భాగం నేను చివరిదాకా చదివాను. మోసింది కూడా నేనే. గంపలు గంపలుగా, నెత్తిన పెట్టుకుని, నల్లా దగ్గర నిలబడ్డ జనం మధ్యలోంచి. నిటారు వెన్ను మోతకు ఎంత బాగా పనికొస్తుందో ఆ రోజు తెలిసింది. మా వంశంలో ఈ సంగతి ముందు ఎవరూ కనిపెట్టలేదు.

సాయంత్రానికి కొత్త సున్నం పడింది. మంచం, టీవీ, తొక్కు జాడీలు లోపలికి వెళ్ళాయి. ఆదివారం యోహాను గడప తొక్కాడు. మరియమ్మ ఆ పాదం వైపే చూస్తోంది. పాదం లోపల పడ్డాక కొంగుతో ముఖం దాచుకుంది. ఏలియా కొత్త చొక్కాలో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. నన్ను కూడా పిలిచారు. మట్టి మోశాక మళ్ళీ ఉతికి, ఇంకా సరిగ్గా ఆరని బట్టలతో వెనక వరుసలో కూర్చున్నాను. యోహాను ప్రార్థనలో బాయిలో కాపాడినందుకు, ఇల్లు నిలిపినందుకు, "పొరుగువాని అర్ర తలుపు తెరిచినందుకు" కృతజ్ఞత చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను దగ్గబోయి ఆపుకుని, ఆమెన్ అన్నాను.

గంగాళం ఇప్పుడు మరియమ్మ గుమ్మం ముందు ఉంది. అందులో పుదీన వేసింది. "కింద పగులున్నందుకే వేరు కుళ్ళకుంట మంచిగ పెరుగుతున్నది దొరా" అంటుంది. పచ్చడి చేసినప్పుడు నాకూ ఒక గిన్నె పంపుతుంది. నేను పొద్దున్నే బిందె పట్టుకుని నల్లా దగ్గర వరుసలో నిలబడతాను. లచ్చవ్వ నా ముందు నిలబడుతుంది. ఎవరి వంతు ముందో తేల్చమని ఒకసారి నన్నడిగారు. నేను చెప్పలేదు.

అందువల్ల సూర్యుడు, చంద్రుడు, నల్లా దగ్గరి జనం సాక్షులుగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గ్రంథంలోనూ సామాను ప్రస్తావన వచ్చిన వాక్యాన్ని దాటవేయను. ఒకరి ఇంట్లో సర్వపిండి తిని, వారి ఇంటి మీద తీర్పు చెప్పను. పక్కింటి గోడకు చెమ్మ కనబడితే ముందు నా అర్రలోకి వెళ్ళి చూసుకుంటాను. ఈ ప్రమాణం నేను తప్పిన నాడు, వీధివారంతా కలిసి నా ఇంటి సామాను మొత్తం మళ్ళీ బయట పెట్టవచ్చు.

ఎక్కువసేపు పట్టదు.